లొ'ఒమి పేరులో కొక్కెం

కాశీనగరం మండీ, నవంబరు.
చోళ్ళ బస్తాల దుమ్ము కీబోర్డు సందుల్లో.
తెల్లారగట్ల కొండ దిగొచ్చినావిడ
నా బల్ల ముందు నిలబడింది.
"పేరు?"
"లొ—"
గొంతులో ఏదో తలుపు టక్కున మూసి, తెరిచి,
"—ఒమి. లొ'ఒమి రాయిత."

ఆ ఆగడం తప్పిపోకూడదని
మిషన్ బడిలో ఎనోసు మేష్టారు
అక్షరం నెత్తిన చిన్న కొక్కెం గీశాడట.
రేషను కార్డులో ఉంది, బ్యాంకు పుస్తకంలో ఉంది.
నేను రాసిన ప్రోగ్రాంలోనే
చోటు లేదు దానికి.

మిషనుకి కొక్కెం అంటే గుమ్మం.
ఇక్కడ పేరు మొదలు, ఇక్కడ ఆఖరు.
లొ దగ్గరే ఆవిణ్ణి ముగించేసి
ఒమి రాయిత అంటే ఏం హుకుమో తెలీక
ఎర్రగా అరిచింది.
వెనకాల లైన్లో నలభైమంది, ఒక మేక.

మొదట కొక్కెం పీకేశాను.
పదకొండు బస్తాల డబ్బు బ్యాంకు దాకా వెళ్ళి
ఈ పేరుగలావిడ లేదని తిరిగొచ్చింది.
తర్వాత కొక్కేనికి తోడు ఇంకో కొక్కెం.
అదీ కుదరక, ఎవడో చెప్పాడని ముందో వాలుగీత.
ఒక పూట బాగానే ఉంది.
సేవ్ చేసినప్పుడల్లా గీత గీతని కంటోందని,
ఒకటి మూడై, మూడు ఏడయిందని
శుక్రవారం రసీదు అచ్చయ్యాక గానీ తెలీలేదు:
లొ\\\\\\\'ఒమి.
కాగితం వెలుగుకి పట్టి చూసి
"నా పేరు మీద వాన పడతందేటి బాబూ" అంది
నవ్వకుండా.

ఆ రాత్రి కరెంటు పోయాక
లాప్‌టాప్‌లో మిగిలిన ఇరవై శాతంతో
నేను రాసిందే నేను చదువుకున్నాను.
కొక్కెం తప్పేం లేదు.
హుకుంకి పేరుని జిగురెట్టి అతికించింది నేను.
ఇవాళ ఒక పేరు విరిగింది.
రేపు పేరు వేషం కట్టిన ఏ దళారో
అదే సందులోంచి దూరి
పట్టిక మొత్తం తుడిచెయ్యమంటే
నా మిషను చిత్తం అనేది.

విప్పేశాను.
హుకుంలో పేరుండే చోట ఉత్త ప్రశ్నార్థకం.
పేరు వేరే సంచిలో,
ఏదీ పీకకుండా, ఏదీ తగిలించకుండా,
మూతి కట్టి వెనకాలే.
సంచిలో ఉన్నది దాచు,
దాని మాట మాత్రం వినకు.

నా పేరూ ఇక్కడ ఒడియాలో ఒకలా, తెలుగులో ఒకలా,
జీతం స్లిప్పులో మూడోలా.
ఎప్పుడూ అడగలేదు నేను.

సోమవారం వచ్చింది, డబ్బు పడిందో లేదో చూడమని.
తెలిసే అడిగాను, "పేరు?"
"లొ—"
వేలు ఎంటర్ మీదకి పోబోయింది.
ఆపుకున్నాను,
మిగతాది వచ్చేదాకా.