చప్పుళ్ళ ఎగుమతి

నాగూరు బొమ్మలేస్తాడు, నేను చప్పుళ్ళు రాస్తాను.
నర్సాపురం రేవులో పంటు ఇంజను డుగుడుగుమన్నప్పుడు
ఆ అక్షరాలు ఎంత లావుండాలో, ఎటు ఒరగాలో,
పొగలో ఎక్కడ చెరిగిపోవాలో చూసుకునేది నేను.
మొత్తం నలభై ఎనిమిది పేజీలు. నలుపూ తెలుపూ.
ఒక పంటు సరంగు, అతని ఆఖరి డ్యూటీ రోజు.
అంతే కథ.

భీమవరంలో పెళ్ళి శుభలేఖల మధ్య అచ్చయింది,
ఐదొందల కాపీలు.
బస్టాండు కొట్టతను అటూ ఇటూ తిప్పి
"రంగులు పిల్లలే వేసుకోవాలా అండీ?" అనడిగాడు.

అప్పుడు సువార్తమ్మ గారి దగ్గరికి వెళ్ళాను,
నలభై ఏళ్ళుగా లేసు అల్లించి ఓడలకెక్కించిన మనిషి.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చెప్పింది:
"జర్మనీవోళ్ళు తెలుపే అడుగుతారు,
మీగడ రంగయితే ఎనక్కొచ్చేద్ది.
ఇటలీవోళ్ళకి గుండ్రంగా ఉండాల, బల్ల మీదకి.
ఒకటే దారం, ఒకటే సూది.
మడత మార్చుకో నాయనా, ముడి మాత్రం మార్చకు."

మడత మార్చాం.
ఫ్రాన్సు వాళ్ళకి గట్టి అట్ట, వెడల్పు కాయితం.
అక్కడ తలనెరిసిన వాళ్ళు కూడా రైల్లో
ఒళ్ళో పెట్టుకుని చదువుతారట, ఎవరూ నవ్వరట.
అమెరికా వాళ్ళు సన్నగా, నెలకొకటి రావాలన్నారు.
మా సరంగుకి మిగిలింది ఒక్క రోజు,
దాన్ని ఆర్నెల్లు ఎలా సాగదీయడం?

జపాను ఉత్తరం ఎంతో మర్యాదగా ఉంది:
మా పాఠకులు కుడి నుంచి ఎడమకి చదువుతారు కనక
బొమ్మల్ని అద్దంలోలా తిప్పితే బాగుంటుందేమో, అని.
నాగూరు తిప్పి చూశాడు.
సరంగుది ఎడమచేతి వాటమైపోయింది, పర్లేదు.
కానీ నర్సాపురం ఏరు దాటి సఖినేటిపల్లి వైపుకి పోయింది.
సూర్యుడు భీమవరం మీంచి లేచాడు.
ఆ రాత్రి వాడు అన్నం తినలేదు.

పోస్టాఫీసులో పెన్మెత్స గారు కాటాలో పెట్టారు.
పుస్తకం నూట ఇరవై, స్టాంపులు తొమ్మిది వందల డెబ్భై.
"సరుకేంటని రాయనండీ?"
బొమ్మల కథ అన్నాను.
బతుకంతా గడులు గీసుకునే మాకు
ఆ ఫారంలో ఒక్క గడీ దొరకలేదు.

అసలు చిక్కు చప్పుళ్ళ దగ్గర.
అనువాదం చేసే పారిస్ ఆవిడ ఓపిగ్గా అడిగేది:
తపుక్కు అంటే ఎంత లోతు నీళ్ళు?
బుడుంగుమన్నది మళ్ళీ పైకి తేలుతుందా?
చిటపటలు వానవా, నూనెలో ఆవాలవా?
బకెట్లో ఓసారి నిమ్మకాయ, ఓసారి ఇటికముక్క వేసి
ఫోన్లో రికార్డు చేసి పంపేవాణ్ణి.
తమ భాషలో రెండింటికీ ఒకటే మాట ఉందని
ఆవిడ క్షమాపణ చెప్పింది, ఎవరో పోయినట్టు.

జపానులో మాత్రం
ఏ చప్పుడూ లేకపోవడానికి కూడా ఒక చప్పుడు రాస్తారట.
ముప్పై తొమ్మిదో పేజీ గుర్తొచ్చింది,
సరంగు ఇంజను ఆపేసిన గడి.
ఏమీ తోచక అక్కడ ఖాళీ వదిలేశాను.
టోక్యోలో ఎవరో దాన్ని నింపుతారు.
అది చదవడం నాకు రాదు.

లెక్క చెప్పాలంటే
ఫ్రాన్సులో రెండొందల పది, జపానులో అరవై,
అమెరికాలో పదకొండు, అందులో రెండు తడిశాయని వాపసు.
మిగిలినవి నా మంచం కింద.

మొన్నాదివారం సంచీ తగిలించుకుని పంటెక్కాను.
చేపల బుట్ట మీద చెయ్యేసుకుని ఒకావిడ, పేరు దానమ్మట,
చదవడం రాదు గాని పేజీలన్నీ చూసింది.
పన్నెండో పేజీలో వేలు పెట్టి ఆగింది.
"పోటు మీదుండగా పంటు ఇలా తిప్పడు బాబూ,
ముక్కు సముద్రం కేసి పెడతాడు."

ఏ దేశం వాళ్ళూ పట్టుకోని తప్పు.

ఎంతంది. నూట ఇరవై అన్నాను.
"తప్పున్నదానికా?" అని
ఎనభైకి తీసుకుని తడిచేత్తోనే కొంగులో చుట్టింది.
నాగూరుకి ఫోన్ చేశాను.
"అయితే పన్నెండో పేజీ మళ్ళీ గీయాలి" అన్నాడు, అంతే.
వెనకాల ఇంజను ఇవాళ డుగుడుగుమనడం లేదు,
ఏదో కొత్తగా దగ్గుతోంది.
టికెట్టు వెనక రాసుకున్నాను.