తాడు పట్టేటోడు

కరెంటు పోయి మూడు వానకాలాలు.
మా పెంటకు ఆ సంగతి తెలిసింది
నాలుగు నెలలకు.

మొదటేడు అచ్చంపేట దిక్కుకెళ్లి జనం వచ్చిన్రు.
చెట్లెక్కి సిగ్నల్ దేవులాడిన్రు.
"అడివి ఖాళీ చెయ్యుండ్రి" అన్నోళ్లే
"అడివిల ఇంత జాగ ఉన్నదా" అన్నరు.
మేం ఏమనలే.
ముందుగాల నీళ్లు ఏడున్నయో చూపిచ్చినం.

మన్ననూరు చెక్‌పోస్టు గేటు ఇంకా మూసే ఉన్నది.
పక్క గోడ కూలి ఎలుగులు వచ్చిపోతయి.
గేటు ముంగట ఒక్కడే కూసున్నడు,
ఖాకీ అంగీకి రెండే గుండీలు.
ఎరుగుదును వాణ్ని. బీట్ గార్డు అంజిలయ్య.
మా ఈదన్న తేనె డబ్బా గుంజుకొని
రసీదు రాసిచ్చినోడు.
ఆ రసీదు చూరుల చెక్కి ఉండె.
మొన్ననే దాంతోటి పొయ్యి రాజేసిన.

పులి అడుగులు లెక్కపెట్టినోడు
ఏ గడ్డ నోరు కోస్తదో తెల్వక
పెదవులు వాచి ఉన్నడు.
నూలగడ్డ కాల్చి పెట్టిన.
పొట్టుతోటే మింగిండు.

ఈ ఎండలకు గడ్డలు ఒడిసినయి.
కిష్ణ గట్టు చరియకు పెద్ద తేనెపట్లు
నల్లగ వేలాడుతున్నయి.
దిగేటోడు ఉన్నడు, ఈదన్న.
అడ్డతీగ పేనిన తాడున్నది.
పట్టేటోడే లేడు.

మాకు తాడు ఎవడువడితే వాడు పట్టొద్దు.
సొంత తమ్ముడైనా పట్టొద్దు.
పెండ్లాం తోడబుట్టినోడే పట్టాలె.
చెల్లె మెడల తాడు తెగాలని
ఏ అన్న కోరుకోడని మా తాతల లెక్క.

నాకు ముగ్గురు అన్నలు.
ఒకడు పునరావాసం కాలనీల జొరానికి పోయిండు.
ఒకడు హైద్రాబాదుల ఇరవయ్యో అంతస్తుకు ఇటుకలు మోస్తుండె,
లిఫ్టు నడుమల ఆగింది.
మూడోడు తెల్వదు. వాని కుక్క
పొద్దుగూకితే ఇంకా తొవ్వ చూస్తది.

అంజిలయ్యను పిలిచిన.
దోసెడు ఇప్పపూలు వాని చేతుల పోసి
"అన్నా" అన్న.
ఒక్కసారే. రెండోసారి గొంతు రాలే.

వాడు ఏడ్వలే.
చేతులు అంగీకి తుడుసుకొని
"చెట్టుకు ఎన్ని చుట్లు తిప్పాలె చెల్లే" అని అడిగిండు.

ఇగో, ఈదన్న అంచు దాటిండు.
పొగ లేస్తున్నది. ఎక్కడో కింద
డ్యాము తెగినంక పాత తొవ్వ పట్టిన కిష్ణ.
అందరు తేనె దిక్కు చూస్తున్నరు.
నేను వాని చేతుల దిక్కు చూస్తున్న,
రసీదు రాసిన ఆ బొటనవేలు దిక్కు.
తాడు ఒరుసుకున్నకాడ తోలు లేచింది.

వాడు పట్టు మార్చలే.