బాకీ చిల్లర

జయనగర్ ల్యాబులో
రక్తం సీసాకు అంటించే చీటీ మీద
పేరు నడుమ్మీద తెగింది.
'జ్యోత్' అని ఉంది, ఆపైన
రెండు నల్ల పలకల్లో రెండు ప్రశ్నగుర్తులు,
చివర్న ఎవరికీ చెందని ఒక ఒత్తు.

"ఈ పిల్ల ఎవరో మీ మిషన్‌కే తెలీదంట సార్,"
ఫోన్లో ముబీనా.

వేళ్ళు మడిచాను.
ముళబాగిలు నుంచి వచ్చిన ఆ పిల్లని అడిగితే
జ్యోత్స్న, రెండే అక్షరాలంటుంది.
యూనికోడ్ తొమ్మిదంటుంది.
గాల్లో ప్రయాణం కట్టేటప్పుడు ఇరవై ఏడు బైట్లు.
మా తెలుగు మాస్టారైతే
ఒక గురువు, ఒక లఘువు గీసి
మూడు మాత్రలు అనేవాడు
(ఛందస్సులోవి, మందుల షాపువి కావు).
ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

బ్లూటూత్ విడతకి ఇరవై బైట్లే మోస్తుంది.
'స' దగ్గర నిండిపోయింది.
రెండువందల ఇరవై నాలుగు, నూట డెబ్భై ఆరు
ఇటొచ్చాయి,
ఇంకొకటి రావాలి.
నేను రాసిన కోడు ఆగలేదు.
వచ్చిందే మొత్తమనుకుంది,
చదవలేక ప్రశ్నగుర్తు పెట్టి చేతులు దులుపుకుంది.
తర్వాతి విడతలో నూట ఎనభై నాలుగు
ఒంటరిగా వచ్చి గుమ్మంలో నిలబడితే
నువ్వెవరని దానికీ ఒక నల్ల పలక.

సాయంత్రం బస్సు
సిల్క్‌బోర్డు దగ్గర ఎప్పట్లాగే ఇరుక్కుంది.
యాభై ఇచ్చాను.
"చిల్లరె ఇల్ల," అంటూ కండక్టరు
టికెట్టు వెనక ఇరవై రెండని గీకి
జనంలోకి దూరిపోయాడు.
ఇవ్వనని అనలేదు,
ఇచ్చేశాననీ అనలేదు.
బొమ్మనహళ్ళిలో దిగబోతుంటే
"ఏయ్, కళ్ళజోడు!" అని పిలిచి మరీ
నోట్లూ నాణేలూ అరచేతిలో కుక్కాడు.

రాత్రి కోడులో నాలుగు వరసలు కొట్టేశాను.
పూర్తికాని బైట్లు పారేయకు,
తర్వాతి విడత వచ్చేదాకా
వెనక రాసి ఉంచు,
అని యంత్రానికి తెలిసే భాషలో చెప్పాను.

పొద్దున్నే ముబీనా ఫోటో పంపింది.
చీటీ మీద పేరు నిండుగా ఉంది.
కింద ఇంకో ముక్క రాసింది:
ఇది రెండో సీసా సార్,
పేరు లేని మొదటిది పారబోశాం.
మళ్ళీ పొడిస్తే పిల్ల ఏడవలేదు,
కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టుకుంది.

ఎంతదాకా అని
నేను అడగలేదు.