నీళ్ల గది కిటికీ

ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండ మీద
నాకున్నది జానెడు కిటికీ.
లోపల గొట్టం, మీటరు, పొయ్యి, నేను.
బయట మైనస్ ముప్పై.
ఏ మహానుభావుడు కట్టాడో, నడుం ఎత్తుకి కట్టాడు,
మొహాలు ఆనవు.
డబ్బులిచ్చే చేతులే కనిపిస్తాయి.

పదకొండేళ్లుగా చేతులే చదువుతున్నాను.
కళ్లెం పట్టిన వంకర పోని ముసలి చేతులు,
ఎంత కడిగినా బొగ్గు వదలని చేతులు,
బడి విడిచాక పిల్లల చేతులు.
నీళ్లు మోయడం ఇక్కడ పిల్లల పని.

తుగుల్దుర్‌కి పదిహేనేళ్లు.
వాడి అరచేతులు ఎప్పుడూ మట్టి, బంతి మట్టి.
మా వెనక ఖాళీ జాగాలో
స్తంభానికి లారీ చక్రపు రింగు కట్టుకుని
పదిమంది బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు.
చీకటి పడితే
చప్పుడును బట్టి ఆడేవాళ్లు.
నాకదే గడియారం.
ధబ్ ధబ్ ఆగిందంటే తొమ్మిదయినట్టు.

మొన్న ఆకులు రాలే కాలంలో
ఆ జాగా చుట్టూ రేకుల కంచె లేచింది.
టైర్ల గోదాం.
ఇప్పుడక్కడ చక్రాలే చక్రాలు,
రింగు మాత్రం లేదు.
బడి పక్క పుస్తకాల గది అంతకుముందే మూశారు,
పొయ్యి చెడిందని.
వీధి దీపాలు మూడో మలుపు దాకా వచ్చి
ఇక మావల్ల కాదన్నట్టు ఆగిపోయాయి.

తుగుల్దుర్ చేతులు మొదట శుభ్రపడ్డాయి.
నాకు భయం వేసింది అప్పుడే.
తర్వాత గోళ్లు లేవు.
తర్వాత చొక్కా చేతులు వేళ్ల దాకా దిగాయి.
చిల్లర తీసుకోవడం మరిచిపోయేవాడు.
తర్వాత వాడే లేడు.
చెల్లెలు మరల్ వచ్చింది
తనంత డబ్బా ఈడ్చుకుంటూ.
"అన్నయ్య పడుకున్నాడు."
సాయంత్రం నాలుగింటికి.
ఎనిమిది రోజులు అదే మాట.

బడి నుంచి ఒకమ్మాయి
ప్రశ్నల కాగితంతో ఇల్లిల్లూ తిరిగింది.
గత రెండు వారాల్లో ఎన్నిసార్లు దిగులేసింది?
నిద్ర పడుతోందా? ఆకలి ఉందా?
మంచి ప్రశ్నలే, మంచి పిల్లే,
చలికి పెదవులు పగిలాయి పాపం.
కానీ ఆ కాగితంలో ఎక్కడా
రేకుల కంచె లేదు.
మీ గుడారానికి దీపం ఎన్ని అడుగుల దూరం,
తలుపు తీసి ఉండే గది ఏదైనా ఉందా,
అని లేదు.

గది అంటే నాకూ ఒకటి ఉంది కదా.
ఏడింటికి తాళం వెయ్యాలని గోడ మీద ఉత్తర్వు,
ఆ పక్కనే తాళంచెవి.
మరల్‌తో కబురు పంపాను:
పొయ్యిలో బూడిద తియ్యడానికి మనిషి కావాలి, అర్జెంటు.
అబద్ధం.
నా బూడిద నేను తీసుకోలేనా?

తొమ్మిదో రోజు తలుపు కొట్టాడు.
కిటికీ కాదు, తలుపు.
ఇన్నేళ్లలో వాడి మొహం దగ్గరగా చూడటం అదే.
ఆ పెద్ద చేతులకి
ఇంత చిన్న మొహమా!
లేని బూడిద తీశాడు.
ఉప్పు వేసిన పాల టీ తాగాడు.
ఒక్క మాట లేదు, నేనూ అడగలేదు,
గొట్టం గురగురలాడుతూనే ఉంది.

మర్నాడు ఇంకొకణ్ణి తెచ్చాడు.
ఇప్పుడు నలుగురు, ఒక్కోరోజు ఆరుగురు.
ఒకడు లెక్కలు చేస్తాడు, ఒకడు నిద్రపోతాడు.
నోమిన్‌జుల్ అనే పిల్ల
మీటరులో అంకెలు తిరగడం చూస్తూ కూర్చుంటుంది,
తొమ్మిదింటి దాకా,
అంతే.

తనిఖీ ఆయన వచ్చాడు.
లీటర్లు సరిపోయాయి, కరెంటు ఇంతెందుకు?
బల్బు, అన్నాను.
బల్బు ఎందుకు?
రాసుకోవడానికి ఆయన పుస్తకంలో గడి లేదు.
నా జీతంలో కోశాడు.

వాడు బాగయ్యాడా అని అడక్కండి.
తెలీదు.
చొక్కా చేతులు ఇంకా కిందికే ఉన్నాయి.
నిన్న మాత్రం కిటికీలోంచి
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి,
"ఒక నోటు తక్కువ" అన్నాడు.
లేదన్నాను.
ఉందన్నాడు.
నిజంగానే తక్కువ ఇవ్వలేదు నేను.
పది నిమిషాలు గొంతులు చించుకున్నాం,
డబ్బా నిండింది ఎవరూ చూడలేదు,
నీళ్లు పొర్లి వాడి బూట్ల చుట్టూ
గడ్డకట్టడం మొదలైంది.