వలుగ దవడ

పొందూరులో బండి రెండు నిమిషాలే ఆగుతుంది.
ఆ రెండు నిమిషాల్లో
రెండు రాట్నాలు, అరటి దొప్పలో చుట్టిన ఏకులు,
తవుడమ్మ కేరేజీ, తవుడమ్మ, నేను, దాలమ్మ
ఎక్కాలి.
రాట్నం ముందు ఎక్కించింది దాలమ్మ.
"నాను పడితే నెగుస్తాను.
కదురొంగితే ఇంకేటి నూలు?"

విశాఖలో ఓడ నాలుగ్గంటలకి కదుల్తుందట.
గేటు రెండింటికే మూసేస్తారట.
సంఘం గుమస్తా నా అరచేతిలో పెన్నుతో రాశాడు, రెండు అని.
సిగడాం దాటేలోగా చెమటకి చెరిగిపోయింది.

మూడు రోజులు సముద్రం మీద మేం వడుకుతుంటే
టిక్కెట్టు కొన్నవాళ్లు కుర్చీల్లో కూచుని చూస్తారు.
ఇన్నాళ్లూ చిలపకి ఇంతని ఇచ్చేవారు.
చూపుకి ఇంతని ఇస్తారని
ఇప్పుడే వింటున్నాను.

చీపురుపల్లి. గరివిడి.
నెల్లిమర్లలో ఉడకేసిన తేగలు ఎక్కాయి,
ఒక కట్ట కొని ముగ్గురం పీచు తీసుకుంటూ
విజయనగరం చూశామో లేదో గుర్తులేదు.

అలమండలో ఆగింది.
గూడ్సొకటి పోయింది, ఏభై ఎనిమిది పెట్టెలు.
పోగులు లెక్కపెట్టే కళ్లు తవుడమ్మవి, ఊరుకోవు.
ఇంకోటి పోయింది. ఏభై తొమ్మిది.
"మన బండికి పనేటీ నేదేటి?"
ఎదురుసీటు కుర్రాడు ఫోన్లో మా రైలుని చూపించాడు,
నీలం చుక్క, కదలదు.
ఓడ కూడా చుక్కేనా బాబూ అంటే
ఓడ ఇందులో కనబడదు ఆంటీ అన్నాడు.

రైలు తప్పితే వెనక పలాస పాసింజరుంది.
ఓడ తప్పితే
నీళ్లే ఉన్నాయి.

చేతులు ఊరుకోక సంచిలోంచి దవడ తీశాను.
వలుగ చేప దవడ, సన్నటి పళ్ల వరస,
ఎప్పుడో గోదాట్లో ఈదింది.
మా అత్త ఇచ్చిన మొదటిది పళ్లరిగిపోయింది.
ఇది పదకొండోది.
ఆ చేపల పళ్లు పత్తి మీద అరిగాయి,
నావి వక్క మీద.

గింజ వేళ్లమధ్య పట్టి దువ్వడం మొదలుపెట్టాను.
కొండపత్తి నుసి లేచి కిటికీలోంచి
చోడిచేల మీదికి పోతోంది.
పక్కసీటు పిల్ల దగ్గరకొచ్చి అడిగింది,
"అది కరుస్తుందా?"
"అబద్ధాలాడే గుంటల్ని," అంది దాలమ్మ.
పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

బండి కదిలిన సంగతి దూదికే ముందు తెలిసింది.
బయటికి పోయే నుసి
వెనక్కి తిరిగి నా మొహం మీదికొచ్చింది.

ఆటోవాడు మీటరు మాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.
రోడ్డు చివర తెల్లటి గోడ, దానికి వరసగా కిటికీలు.
పెద్దాసుపత్రి అనుకున్నాను.
ఆసుపత్రి కూత పెట్టింది.

రెండు దాటి పదకొండు నిమిషాలు.
గేటు సగం మూసి ఉంది.
సంచుల్ని మింగి అవతల కక్కే పెట్టె దగ్గర గార్డు ఆపాడు.
తెరమీద నా సంచి, సంచిలో పళ్లు.
"ఏటమ్మా ఇది?"
మాట కంచిలిదో, సోంపేటదో.
"దువ్వెన."
"ఎవులికి?"
"పత్తికి."
బొటనవేలితో పళ్లమీద రాసి చూశాడు,
వెనక పెద్దసారు వాచీ చూసుకుంటున్నా
మళ్లీ ఒకసారి రాశాడు.
తిరిగిచ్చేస్తూ నెమ్మదిగా అన్నాడు,
"లోపల వంటిల్లు వేపు అట్టికెళ్లకండి.
తినేసిన ముల్లనుకుని పారేస్తారు."

మెట్లబల్ల కింద నీళ్లు, నల్లగా, నూనె వాసనతో.
కాలు పెడితే అది కొంచెం ఆలోచించి
నిలబడింది.
ఇక్కడ ఎవరూ ఈల వెయ్యలేదు,
జెండా ఊపలేదు, తొందరపెట్టలేదు.
అయినా దాలమ్మ
రాట్నాన్నే ముందు ఎక్కించింది.