ఎనిమిది రోజుల అద్దె

బాలరాట్‌లో జులై. అద్దం మీద మంచు
గోటితో గీకితే రాలుతోంది.
వంటింటి బల్ల మీద ఫైర్‌వాల్ పెట్టె,
పచ్చదీపంతో
ఏమీ ఎరగనట్టు.

వైరు గుచ్చితే అన్నీ వస్తాయి.
వైఫైలోనే, ఊహూఁ.
ఫోను గాల్లోకి కేకేస్తుంది:
ఎవరైనా ఉన్నారా, నాకో నంబరివ్వండి.
నాలుగుసార్లు.
ఆపైన బెట్టుగా తనకు తానే ఒకటి పెట్టేసుకుంటుంది,
నూట అరవై తొమ్మిదితో మొదలయ్యేది,
ఏ ఉత్తరమూ చేరని ఇంటి నంబరు.

మేడగది నోరీన్ మెట్ల మీంచి వంగి
"ఇంకా రాలేదా?"
పొద్దున్నే ఆమెకు పరీక్ష.
ఆపి వెలిగించాను. కేబుల్ మార్చాను.
తిట్టాను, తెలుగులో, దానికి అర్థం కాకుండా.

పన్నెండున్నరకి లాగ్ తెరిస్తే
కేక గుమ్మందాకా వస్తూనే ఉంది.
అక్కడ గొంతు నొక్కుతున్నది ఒక రూలు:
గాలిలో వచ్చేవాళ్ళెవరూ
పెట్టెను నేరుగా పలకరించకూడదు.
రాసింది నేనే, పోయిన ఆదివారం,
ఏదో వార్త చదివి భయపడి.
పాత అద్దెలు ఎనిమిది రోజులు నెట్టుకొచ్చాయి.
ఇవాళ ఒక్కొక్కటే గడువు తీరాయి.

అరవై ఏడో తలుపు వేలెడంత తెరిచాను.
ఫోను చప్పుడు చేయకుండా
నలభై ఒకటి తీసుకుంది.

"వచ్చింది!" పైనుంచి నోరీన్.
ఆమె అద్దె కాగితం ఈ నెలాఖరుదాకానే.
ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.