ఊదా రంగు రాని పప్పు

రాజోలు జూనియర్ కాలేజీలో
వెనక గది నాది.
జీతం అటెండరుది. వేళ్ళ మీద మచ్చలు మాత్రం
ఇరవై రెండేళ్ళ అయోడిన్‌వి,
సున్నిపిండి పెట్టి రుద్దినా పోవు.

ఆ సోమవారం తినేవాటి పరీక్ష.
“ఇంట్లోంచి ఏదో ఒకటి పట్రండి” అన్నారు సుభద్ర మేడం.
పిల్లలు నిజంగానే పట్టుకొచ్చారు:
అరిటాకు ముక్కలో కొబ్బరి కోరు,
ఉడకబెట్టిన తేగ, సగం కొరికింది,
సిరంజిలోకి పీల్చిన బాతుగుడ్డు తెల్లసొన.
వీరవేణి, వాళ్ళమ్మ కుండ మీద తీసిన పూతరేకుని
గాలికి ఎగిరిపోతుందని
రెండు నోటుపుస్తకాల మధ్య పెట్టి తెచ్చింది.

తేగ మీద ఒక్క చుక్క వేశాను.
గోధుమరంగు చుక్క కాసేపు ఆలోచించి
అమావాస్య అయింది.
పూతరేకు మీద ఆ ఆలోచన కూడా లేదు.
అంత పల్చటి తెలుపులో
ఇంత నలుపు ఎక్కడ దాక్కుందని
వీరవేణి తన అరచేతులు తిప్పి చూసుకుంది.
“పిండిపదార్థం ఉంది, రాసుకోండి.”
రాత్రి రెండింటిదాకా పొయ్యి దగ్గరున్న మనిషిని
రాసే గడి రికార్డులో లేదు.

కొబ్బరి కోరు కాగితం మీద నలిపితే
కాగితంలోంచి కిటికీ కనపడింది,
కిటికీలోంచి కాలవ,
కాలవ నిండా గుర్రపుడెక్క.

చక్కెరకేళి గుజ్జు వేడినీళ్ళ గిన్నెలో
నీలం, పచ్చ, పసుపు,
ఆఖరికి తడిసిన ఇటుక.
బాతుగుడ్డు సొనలో సోడా పోసి
మైలుతుత్తం నీళ్ళు రెండు చుక్కలు.
వంగపువ్వు పూసింది.
ఎన్నిసార్లు చూసినా నాకు ఇదే ఇష్టం.

అప్పుడు చివరి బెంచీలోంచి
హాస్టల్ కుర్రాడు ఏసుపాదం
మూతకి దారం కట్టిన స్టీలుగిన్నె ముందుకు తోశాడు.
“పప్పండి. రాత్రిదండి, ఆయ్.”

సోడా పోశాను. మైలుతుత్తం వేశాను.
ఊపాను. ఆగాను.
నీలం నీలంగానే ఉండిపోయింది.
వేరే గొట్టం తీసుకుని మళ్ళీ చేశాను.
మళ్ళీ నీలమే.
మేడం గడియారం చూశారు.

“అయోడిన్ వెయ్యండి” అంది వీరవేణి.
వేస్తే గొట్టం గొట్టమంతా నల్లబడింది.
“పప్పులోనూ కొంచెం పిండి ఉంటుందిలే”
అన్నారు మేడం, ఎవరి వైపూ చూడకుండా.
ఉంటుంది. నాకూ తెలుసు.
ఇంత చిక్కగా ఉండేది గంజి.
పచ్చగా ఉన్నది పసుపు.
పప్పు ఏదో మరి.

ఏసుపాదం గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు:
మాంసకృత్తులు, లేవు.
కింద స్కేలు పెట్టి గీత కొట్టాడు.

బుధవారం జీపు వచ్చింది.
ఎవరు చెప్పారో నేను చెప్పను.
ఆ రాత్రి హాస్టల్లో గుడ్డు వేశారట,
గరిట నిలబడే కందిపప్పట.
గురువారం అదే స్టీలుగిన్నెలోంచి
వంగపువ్వు పూసింది.
పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఒక సంగతుంది, రికార్డులో రాయించరు.
అయోడిన్ పడి నల్లబడ్డ గంజిని
దీపం మీద పట్టుకుంటే
నలుపు మాయమవుతుంది.
కొత్తపిల్లలు పోయిందనుకుంటారు.
దీపం ఆర్పి, గొట్టం స్టాండులో నిలబెట్టి
కాసేపు ఊరుకోవాలి.
చల్లారేకొద్దీ అదే నీలం
ఎక్కడికీ వెళ్ళనట్టు వచ్చి కూర్చుంటుంది.

అందుకే అన్నీ కడిగాను గాని
సోమవారం నాటి ఆ ఒక్క గొట్టం కడగలేదు.
బిరడా బిగించి, తేదీ చీటీ అంటించి
యాసిడ్ సీసాల వెనక పెట్టాను.

నెలాఖరుకి జీపు రావడం మానేసింది.
ఈ పొద్దున తాళం తీస్తుంటే
గుమ్మంలో ఏసుపాదం,
చేతిలో దారం కట్టిన గిన్నె.
వాడేం అనలేదు.
నేను మైలుతుత్తం సీసా మూత తీశాను.